రాబందుల తిరోధానము: ఒక పరిశోధన చరిత్ర

రాబందు పేరు వినగానే మనకు రెండు విషయములు జ్ఞప్తికి వచ్చును. మొదటిది రామాయణములోని జటాయువు. సీతను అపహరించుకొని పోవుచున్న రావణుని అడ్డగించి, రెక్కలు తెగి నేలకూలి, రాముడు వచ్చువరకు ప్రాణము నిలుపుకొన్న పక్షి అది. లేపాక్షికి ఆ పేరు వచ్చుటకు జటాయువే కారణమని అక్కడి జనులు నేటికిని చెప్పుకొందురు. రెండవది కళేబరములపై వ్రాలి మాంసము పీకి తిను వికారమైన ఆకారము. పరుల కష్టముపై బ్రతుకువానిని ‘రాబందు’ అని నిందించుట మన భాషలో పరిపాటి. ఇంటికప్పుపై రాబందు వ్రాలినచో కీడని భయపడినవారును మన పల్లెలలో కలరు. ఈ విధముగా పూజయు, నిందయు ఒకే పక్షికి దక్కినవి.

ఆ పక్షి ఇప్పుడు కనబడుట లేదు. 1980 ప్రాంతమున ప్రతి ఊరి వెలుపలను, పశువుల కళేబరములు పారవేయు చోట గుంపులు గుంపులుగా వ్రాలిన రాబందులను పిల్లలు సైతము ఎరుగుదురు. నేడు పదవ తరగతి విద్యార్థులను నిలిపి, మీలో ఎందరు ఆకాశమున ఎగురుచున్న రాబందును కంటితో చూచినారని ఉపాధ్యాయుడు ప్రశ్నించినచో, చేయి ఎత్తువారు అరుదు. కోట్ల సంఖ్యలో ఉండిన పక్షులు ఒక తరము గడువకముందే ఎట్లు మాయమైనవి? వాటిని ఎవరు చంపినారు? ఆ సంగతి ఏ విధముగా తేలినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు చరిత్ర, విజ్ఞానశాస్త్రము ఎట్లు పని చేయునో తెలుపు మంచి పాఠము కూడ.

ప్రకృతి నియమించిన పారిశుధ్య సేవకుడు

మన దేశములో 9 జాతుల రాబందులు కలవు. వానిలో మూడు జాతులు మన కథకు ముఖ్యమైనవి. మొదటిది వీపుమీద తెల్లని పట్టె కలిగిన తెల్లవీపు రాబందు. ఇది ఊళ్ళ చేరువను, పెద్ద చెట్లపైని గూళ్ళు కట్టును. రెండవది కొండచరియలందు కాపురముండు పొడుగుముక్కు రాబందు. మూడవది హిమాలయ పాదములందును, అస్సాము ప్రాంతమునను ఉండు సన్నముక్కు రాబందు. ఈ రెండవ, మూడవ రకములను చాలకాలము ఒకే జాతిగా ఎంచిరి. అవి వేరువేరు జాతులని 2001 తరువాతనే శాస్త్రజ్ఞులు అంగీకరించిరి.

రాబందు వేటాడదు. చచ్చిన జంతువునే తినును. ఎండకు నేల వేడెక్కినప్పుడు పైకి లేచు గాలిపై రెక్కలు చాచి తేలుచు, రెక్క ఆడింపకయే గంటల తరబడి ఆకాశమున తిరుగగలదు. ఆహారమును వాసనచేత కాక చూపుచేత కనుగొనును. ఒక పక్షి కళేబరమును చూచి క్రిందికి దిగినచో, దూరమున ఎగురుచున్న మరియొకటి దానిని చూచి అటు తిరుగును. దానిని చూచి ఇంకొకటి వచ్చును. కొద్దిసేపటిలో మైళ్ళ దూరమునుండి పదులకొలది పక్షులు ఒకే కళేబరము చుట్టు చేరును. పెద్ద గుంపు చేరినచో ఒక ఎద్దు కళేబరములో గంట తిరుగకముందే ఎముకలు మాత్రమే మిగులును. దాని కడుపులోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. కుళ్ళిన మాంసములోని సూక్ష్మజీవులలో అనేకము అందు నశించును. తల, మెడ ఈకలు లేక బోడిగా ఉండుటచేత అవి కళేబరములో దూర్చినను మలినము అంటుకొని నిలువదు. మనము వికారమనుకొన్న రూపము ఆ పక్షి వృత్తికి తగిన ఉపకరణము.

మన దేశములో పశుసంపద అధికము. చచ్చిన ఆవులను, ఎద్దులను తినుట అనేకులకు ఆచారము కాదు. ఊరి వెలుపల వేసిన కళేబరమునుండి చర్మము ఒలుచువారు చర్మము తీసుకొందురు. మాంసము రాబందులు తినును. మిగిలిన ఎముకలను ఏరువారు ఎరువుల, జిగురు కర్మాగారములకు అమ్ముకొందురు. ఎవరును జీతమీయని, ఎవరును ఆజ్ఞాపింపని ఈ ఏర్పాటు శతాబ్దముల తరబడి జరిగినది. 1980 ప్రాంతమున భారతదేశములోని రాబందుల సంఖ్య సుమారు 4 కోట్లు ఉండవచ్చునని ఒక అంచనా. ప్రపంచములోని పెద్ద మాంసాహార పక్షులన్నింటిలో తెల్లవీపు రాబందే అత్యధిక సంఖ్యలో ఉండవచ్చునని 1985లో ఒక నిపుణుడు వ్రాసెను. ఆ కాలమున రాబందులు మితిమీరి ఉన్నవన్నదే ఫిర్యాదు. విమానములకు అవి తగిలి ప్రమాదములు కలుగుచుండెను. ఆ విషయమును పరిశీలించు పనిని బొంబాయి సహజచరిత్ర సంఘము చేపట్టవలసి వచ్చినది.

మొదటి హెచ్చరిక

రాజస్థానములోని భరత్‌పురమువద్ద కేవలదేవ్ జాతీయ వనము కలదు. బొంబాయి సహజచరిత్ర సంఘమునకు చెందిన విభూ ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1980లలో అచ్చటి మాంసాహార పక్షులను లెక్కించియుండెను. 1990లలో అతడు మరల అచ్చటికి పోయి చూడగా, ఒకప్పుడు గూళ్ళతో నిండిన చెట్లు బోసిపోయి ఉండెను. చెట్లకొమ్మలకు వ్రేలాడు రాబందు శవములు, గూళ్ళలోనే చచ్చిన పిల్లలు కానవచ్చినవి. బ్రతికియున్న వానిలో కొన్ని మెడను క్రిందికి వ్రేలాడవేసి, మత్తుగొన్నట్లు కూర్చుండి, కొన్ని దినములకు నేలరాలుచుండెను. పాత లెక్కతో పోల్చి చూడగా, పది పన్నెండేండ్లలో ఆ వనమునందలి తెల్లవీపు, పొడుగుముక్కు రాబందులు నూటికి 95కు పైగా తగ్గిపోయినట్లు తేలినది. ఈ వివరములను అతడు 1999లో ప్రచురించెను.

ఒక్క వనములో తగ్గినంతమాత్రమున దేశమంతట తగ్గినవని చెప్పరాదు. పక్షులు మరియొక చోటికి వలసపోయి ఉండవచ్చును. అదృష్టవశమున పోల్చి చూచుటకు ఆధారమొకటి ఉండెను. 1991 మొదలు 1993 వరకు దేశములోని అనేక రహదారుల వెంబడి ప్రయాణము చేసి, కనబడిన మాంసాహార పక్షులను లెక్కించియుండిరి. 2000లో అవే దారులపై మరల లెక్కించిరి. 2002, 2003, 2007 సంవత్సరములలో ఆ పనినే తిరిగి చేసిరి. ఫలితము భయంకరముగా ఉండెను. 1992తో పోల్చినచో 2007 నాటికి తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు నశించినవి. అనగా వేయింటికి ఒకటి మిగిలినది. తక్కిన రెండు జాతులును కలిపి నూటికి దాదాపు 97 వంతులు పోయినవి. తెల్లవీపు రాబందులు ఏటేట నూటికి సుమారు 44 చొప్పున తగ్గుచు వచ్చినట్లు లెక్క తేలినది. ఇంత వేగముగా నశించిన అడవి పక్షి జాతులు చరిత్రలో మిక్కిలి అరుదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి కలదు. 1991లో రాబందులను లెక్కించినవారికి వాటికి ఆపద రాబోవుచున్నదని తెలియదు. ఎచ్చటబడిన అచ్చట కనబడు సామాన్య పక్షిని లెక్కించుట వృథాశ్రమయని అప్పుడెవరైన అనియుండవచ్చును. ఆ లెక్కయే లేకున్నచో, రాబందులు తగ్గినవని అనుకొనుటయే గాని, ఎంత తగ్గినవో ఋజువు చేయు మార్గము ఉండెడిది కాదు.

అనుమానములు, పరీక్షలు

కారణమేమి? మొదట తోచినది ఆహారపు కొరత. కాని పశువుల సంఖ్య తగ్గలేదు. కళేబరములు తినువారు లేక కుళ్ళుచుండెను. రెండవది క్రిమిసంహారక మందులు. ఈ అనుమానమునకు చరిత్రలో ఆధారము కలదు. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున అమెరికాలో డి.డి.టి. మందువలన కొన్ని డేగల గ్రుడ్ల పెంకులు పలుచబడి పగిలిపోవుటయు, ఆ జాతులు క్షీణించుటయు జరిగినది. 1962లో రేచల్ కార్సన్ వ్రాసిన గ్రంథము ఆ ప్రమాదమును లోకమునకు చాటినది. కాని మన రాబందుల శరీరములలో అట్టి మందులు చంపగల మోతాదులో కనబడలేదు. పైగా ఇక్కడ చచ్చుచున్నవి పిల్లలు మాత్రమే కావు, పెద్ద పక్షులు. మూడవది అంటువ్యాధి. రోగము దేశము నలుమూలల ఒకే తీరున వ్యాపించుటచేత, క్రొత్త వైరస్ ఏదో ప్రవేశించినదని పలువురు శాస్త్రజ్ఞులు కొంతకాలము గట్టిగా నమ్మిరి.

శవపరీక్షలు ఒక ఆనవాలును చూపినవి. చచ్చిన రాబందులలో ఎక్కువవాని గుండె, కాలేయము, మూత్రపిండముల మీద సున్నము పూసినట్లు తెల్లని పొర పేరుకొని ఉండెను. అది యూరిక్ ఆమ్లము. దీని అర్థము తెలిసికొనుటకు కొంచెము శరీరశాస్త్రము కావలెను. మాంసకృత్తులు జీర్ణమైన తరువాత మిగులు నత్రజనిని మనుష్యులు యూరియా రూపమున నీటిలో కరిగించి విసర్జింతురు. పక్షులు దానినే యూరిక్ ఆమ్లముగా మార్చి విసర్జించును. పక్షి రెట్టలోని తెల్లని పదార్థము అదియే. మూత్రపిండములు చెడినచో ఈ ఆమ్లము బయటికి పోలేక రక్తములో పెరిగి, తుదకు అవయవములపై స్ఫటికములుగా పేరుకొనును. కావున తెల్లని పొర రోగమునకు కారణము కాదు. మూత్రపిండములు పాడైనవనుటకు అది సాక్ష్యము మాత్రమే. వాటిని పాడుచేసినదేది అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు పాకిస్తానులోని పంజాబునుండి వచ్చినది. అచ్చట తెల్లవీపు రాబందుల పెద్ద స్థావరములు ఇంకను మిగిలియుండెను. 2000లో లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును పాకిస్తాను పక్షిశాస్త్రజ్ఞులతో కలిసి పరిశోధన ప్రారంభించిరి. చచ్చిన పక్షులను వెంటవెంటనే సేకరించి, ఒక్కొక్క అనుమానమును పరీక్షించిరి. వైరస్‌ల కొరకు, బాక్టీరియాల కొరకు వెదకిరి. ఏమియు దొరకలేదు. సీసము, పాదరసము వంటి లోహములకును, క్రిమిసంహారకములకును పరీక్షించిరి. అవియు కావని తేలినది.

అప్పుడు వారు ప్రశ్ననే మార్చిరి. రాబందులు తినునదేమి? పెంపుడు పశువుల మాంసము. పశువుల దేహములోనికి ఇటీవల క్రొత్తగా ఏమి పోవుచున్నది? వారు పశువైద్యులను, మందుల అంగళ్ళవారిని విచారించి, పశువులకు వాడు మందుల పట్టిక తయారు చేసిరి. మూత్రపిండములకు హాని చేయగలది, నోటిద్వారా లోపలికి పోయినను పనిచేయునది, కొద్ది సంవత్సరములనుండియే విరివిగా వాడుకలోనికి వచ్చినది అయిన మందు ఏదియని ఆ పట్టికను వడబోసిరి. మిగిలినది ఒక్కటే. దాని పేరు డైక్లోఫినాక్.

ఇది నొప్పిని, వాపును, జ్వరమును తగ్గించు మందు. 1970లలో మనుష్యుల కీళ్ళనొప్పుల కొరకు తయారైనది. తరువాత చవుకగా దొరకుటచేత దక్షిణాసియాలో పశువులకును వాడజొచ్చిరి. కుంటుచున్న ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన గేదెకు ఒక సూది వేసినచో మరునాటికి లేచి నడచును. రైతునకు అంతకన్న ఏమి కావలెను? ఆ మందు వాడుటలో ఎవరి దురుద్దేశమును లేదు.

పరిశోధకులు మూత్రపిండములు చెడి చచ్చిన 25 రాబందులను పరీక్షింపగా, 25లోను డైక్లోఫినాక్ కనబడినది. ఇతర కారణములచేత చచ్చిన 13 పక్షులను పరీక్షింపగా, ఒక్కదానిలోను కనబడలేదు. ఇది బలమైన సాక్ష్యమే. అయినను రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి మరియొకదానికి కారణమని చెప్పుట శాస్త్రము కాదు. అందుచేత గాయపడి ఎగురలేని కొన్ని రాబందులకు ఆ మందును ఇచ్చి చూచిరి. మందు వేసిన పశువుల మాంసమును కొన్నింటికి పెట్టిరి. అవియు అదే విధముగా మూత్రపిండములు చెడి, అవయవములపై తెల్లని పొర ఏర్పడి చచ్చినవి. 2003లో ఈ ఫలితమును వెల్లడించిరి. 2004 జనవరిలో ‘నేచర్’ పత్రిక ప్రచురించినది. భారతదేశములోను, నేపాలులోను చచ్చిన రాబందులలో కూడ అదే మందు, అదే రోగము కలిసి కనబడినవి.

ఒక చిన్న లెక్క

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. దేశములోని పశువులన్నింటికి ఈ మందు వేయుట లేదు. వేసినను కొద్ది దినములలో అది పశువు దేహమునుండి వెడలిపోవును. మందు వేసిన కొద్ది దినములలోపల పశువు చచ్చినచో మాత్రమే కళేబరము విషమగును. అట్టి కళేబరములు ఎన్ని ఉండును? అంతమాత్రమునకే కోట్ల పక్షులు చచ్చునా?

కేంబ్రిడ్జికి చెందిన రీస్ గ్రీన్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును 2004లో దీనిని గణితముచేత పరిశీలించిరి. 130 కళేబరములలో ఒకటి మొదలు 760లో ఒకటి వరకు విషమైనచో చాలును, కనబడిన నాశనమంతయు దానివలననే జరుగగలదని వారు తేల్చిరి. దీనిని తరగతి గదిలో నల్లబల్లమీద సులభముగా చేసి చూపవచ్చును. ఒక రాబందు మూడు దినములకు ఒకసారి కడుపునిండ తినుననుకొందము. సంవత్సరమునకు సుమారు 120 భోజనములు. 200 కళేబరములలో ఒకటి విషమనుకొందము. ఒక్కొక్క భోజనమునందు బ్రతికి బయటపడు అవకాశము 0.995. ఇది దాదాపు నిశ్చయమువలె తోచును. కాని దీనిని 120 సార్లు గుణించినచో వచ్చునది సుమారు 0.55. అనగా నూరు పక్షులలో 45 ఏడాది తిరుగకముందే చచ్చును. ఇట్లు పదేండ్లు జరిగినచో వేయింటికి మిగులునవి రెండో, మూడో.

పుట్టు పిల్లలు ఈ లోటును పూడ్చలేవా? పూడ్చలేవు. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. ఆ పిల్ల పెరిగి తాను గ్రుడ్డు పెట్టుటకు సుమారు ఐదేండ్లు పట్టును. ప్రకృతిలో పెద్ద రాబందులు చాలకాలము బ్రతుకునవి కనుక, అంత నెమ్మదిగా పిల్లలను కన్నను వాటి సంఖ్య తరుగలేదు. చావు పెరిగినచో ఆ వంశమునకు తట్టుకొను శక్తి లేదు.

తరువాత జరిగిన పరీక్షలలో నిజస్థితి ఊహించిన దానికన్న చెడ్డదిగా ఉండెను. 2004, 2005 ప్రాంతమున మన దేశములో 1,848 పశువుల కాలేయములను పరీక్షింపగా, నూటికి పదింటిలో డైక్లోఫినాక్ జాడ కనబడినది. చావునకు దగ్గరైన పశువునకు తుది చికిత్సగా ఈ సూది వేయుట వాడుక. కావున బ్రతికిన పశువులలోకన్న చచ్చిన వానిలోనే మందు ఎక్కువగా ఉండుట సహజము.

నిషేధము, దాని చిక్కులు

శాస్త్రజ్ఞులు దోషిని పట్టుకొనుటతో పని ముగియలేదు. నొప్పి తగ్గించు మందు లేకుండ రైతు ఉండలేడు. మరియొక మందు చూపకుండ ఒకదానిని మానుమనుట న్యాయము కాదు. అందుచేత రాబందులకు హాని చేయని మందు కొరకు వెదకిరి. జంతుప్రదర్శనశాలల వైద్యులు మాంసాహార పక్షులకు ఏయే మందులు వాడినారో, ఫలితమేమో విచారించిరి. మెలాక్సికామ్ అను మందు నిరపాయముగా తోచినది. ముందుగా ఆఫ్రికాలోని రాబందులపైన, పిదప మన జాతులపైన జాగ్రత్తగా పరీక్షించి, అది సురక్షితమని 2006లో ప్రకటించిరి. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వము పశువుల కొరకు డైక్లోఫినాక్ తయారు చేయుటను నిలిపివేయవలెనని ఆజ్ఞాపించినది. నేపాలు, పాకిస్తాను దేశములును అట్లే చేసినవి. 2010లో బంగ్లాదేశము వానిని అనుసరించినది.

కాని చట్టము కాగితముమీద ఉండుట వేరు, పశువులపాకలో అమలగుట వేరు. మనుష్యులకు ఆ మందు కావలెను కనుక దాని తయారీ పూర్తిగా ఆగలేదు. మనుష్యునకు ఒకమారు కావలసినది 3 మిల్లీలీటర్లు. అంగళ్ళలో దొరకుచుండినవి 30 మిల్లీలీటర్ల సీసాలు. ఇవి పశువునకు వేయుటకు అనుకూలముగా ఉండెను. మనుష్యుల పేర అమ్మిన సీసాలు పశువుల వద్దకు చేరజొచ్చినవి. అందుచేత 2015లో ప్రభుత్వము పెద్ద సీసాలను నిషేధించి, ఒక్క మోతాదు సీసాలనే అనుమతించినది. కొందరు తయారీదారులు మద్రాసు హైకోర్టులో దీనిని ప్రశ్నింపగా, 2017లో న్యాయస్థానము ప్రభుత్వ నిర్ణయమునే సమర్థించినది.

మరియొక చిక్కు వచ్చినది. డైక్లోఫినాక్ పోయినచోట దానివంటి ఇతర మందులు ప్రవేశించినవి. కీటోప్రొఫెన్ రాబందులను చంపునని ప్రయోగములలో తేలినది. అసిక్లోఫినాక్ పశువు దేహములో చేరి డైక్లోఫినాక్‌గానే మారునని కనుగొనిరి. పేరు మార్చుకొని వచ్చిన పాత శత్రువే అది. 2023 జూలైలో ఈ రెండింటిని పశువైద్యమునందు నిషేధించిరి. గుజరాతులో చచ్చిన రాబందుల దేహములలో నిమెసులైడ్ కనబడినది. దానిని 2024 డిసెంబరు చివర నిషేధించిరి. మొదటి మందును పట్టుకొన్న నాటినుండి నాల్గవదానిని నిషేధించు వరకు ఇరువది ఏండ్లు గడచినవి. ఏ మందునైనను అంగడికి రాకముందే రాబందులకు హానికరమా కాదా యని పరీక్షింపవలెనన్న నియమముండినచో ఈ కాలహరణము తప్పియుండెడిది.

మనుష్యులు చెల్లించిన మూల్యము

రాబందులు పోయిన తరువాత కళేబరములు పోలేదు. వాటిని తినుటకు ఊరకుక్కలు చేరినవి. ఆహారము సమృద్ధిగా దొరకుటచేత కుక్కలు పెరిగినవి. కుక్కకాట్లు పెరిగినవి. కాటుతో పిచ్చికుక్క వ్యాధి ప్రవేశించినది. 1992నుండి 2006వరకు ఈ కారణమువలన అదనముగా దాదాపు 48 వేలమంది ఆ వ్యాధితో మరణించియుందురని 2008లో ఒక పరిశోధక బృందము అంచనా వేసినది.

2024లో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఇంకను విస్తృతమైన పరిశోధనను ప్రచురించిరి. పూర్వము రాబందులు మెండుగా నివసించుటకు తగిన జిల్లాలను, తగని జిల్లాలను వారు పోల్చిరి. డైక్లోఫినాక్ వ్యాపింపకముందు రెండు రకముల జిల్లాలలోను మరణముల రేటు ఒకే తీరున నడచినది. తరువాత రాబందుల జిల్లాలలో మనుష్యుల మరణములు నూటికి నాలుగింటికి పైగా పెరిగినవి. 2000నుండి 2005వరకు దేశములో సుమారు 5 లక్షల అదనపు మరణములు కలిగినవని వారి అంచనా. కుక్కకాట్లతోబాటు కుళ్ళిన కళేబరములవలన నీరు కలుషితమగుటయు ఇందుకు కారణమని వారు అభిప్రాయపడిరి. అంచనాలలో హెచ్చుతగ్గులు ఉండవచ్చును. కాని జటాయువు పోరాడి మరణించినది ఒక్క స్త్రీమానరక్షణకు. దాని వంశము మౌనముగా కాపాడుచు వచ్చినది లక్షల ప్రాణములను.

మరియొక సమాజమునకు ఇది మతాచారమునకే విఘాతమైనది. పారసీకులు నేలను, నిప్పును, నీటిని పవిత్రముగా ఎంచి, శవములను పూడ్చక, కాల్చక, దఖ్మాలందు పక్షులకు విడుతురు. ముంబాయిలోని మలబారు కొండమీది దఖ్మాకు రాబందులు రాకపోవుటచేత, సూర్యకిరణములను కేంద్రీకరించు పరికరములను అమర్చుకొనవలసి వచ్చినది.

నేటి స్థితి

హర్యానాలోని పింజోరువద్ద 2001లో రాబందుల సంరక్షణ కేంద్రము వెలసినది. తరువాత అది జటాయు సంరక్షణ ప్రజనన కేంద్రమైనది. మూడు జాతులును అచ్చట పిల్లలను కన్నవి. అట్టి కేంద్రములు పశ్చిమ బెంగాలు, అస్సాము, మధ్యప్రదేశములలోను, మన హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును ఏర్పడినవి. 2020 అక్టోబరులో పింజోరునుండి 8 తెల్లవీపు రాబందులను, కదలికలను తెలుపు పరికరములు కట్టి ఆకాశమునకు విడిచిరి. 2024లో మరికొన్నింటిని మహారాష్ట్రలోని పెంచ్, తాడోబా అడవులకు చేర్చిరి.

నేపాలులోని చితవన్ అడవి చేరువ గ్రామస్థులు 2006లో ఒక మంచి ఉపాయము పన్నిరి. ముసలి పశువులను తీసుకొని, విషపు మందులు వేయకుండ పోషించి, అవి సహజముగా చచ్చిన పిమ్మట కళేబరములను రాబందులకు వేయుదురు. దానికి వారు జటాయు భోజనశాల అని పేరు పెట్టినారు. మందుల నియంత్రణ గట్టిగా జరిగిన నేపాలులో తెల్లవీపు రాబందులు కొంత పుంజుకొన్నట్లు లెక్కలు చెప్పుచున్నవి.

మన దేశమున 2008 నాటికి విషపు కళేబరముల పాలు నూటికి పదినుండి ఆరు, ఏడింటికి దిగినది. పూర్వపు వేగమున జరుగు నాశనము ఆగినది. కాని కోలుకొనుట కానరాదు. 2015 లెక్కలనుబట్టి దేశములో తెల్లవీపు రాబందులు సుమారు 6,000, పొడుగుముక్కువి 12,000, సన్నముక్కువి 1,000 మాత్రమే. మధ్యప్రదేశములో 2025లో జరిగిన గణనలో అన్ని జాతులును కలిపి 12 వేలకు పైగా కనబడుట ఒక శుభవార్త. మన ప్రాంతమున 2013లో, అప్పటి ఆదిలాబాదు జిల్లా బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్ట చరియలమీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకొన్నట్లు అటవీశాఖ గుర్తించినది. ఎచ్చటను మిగులలేదనుకొన్న పక్షి తెలుగునేలమీద కనబడుట అందరికిని ఆనందము కలిగించినది.

మందు ఒక్కటే శత్రువు కాదు. కుక్కలను, అడవిమృగములను చంపుటకు కళేబరమునకు విషము పూయువారు కలరు. 2022 మార్చిలో అస్సాములో అట్టి కళేబరమును తిని ఒకేచోట దాదాపు నూరు రాబందులు చచ్చినవి. విద్యుత్తు తీగలకు తగిలియు కొన్ని చచ్చుచున్నవి.

ఈ విషయమున ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగల పనులు లేకపోలేదు. పశువులున్న ఇండ్ల పిల్లలు, తమ పశువునకు వేయుచున్న సూది మందు పేరు అడిగి తెలిసికొనవచ్చును. అది మెలాక్సికామా, కాదా యని చూడవచ్చును. కాకున్నచో పశువైద్యుని అడుగుమని తండ్రికి చెప్పవచ్చును. సూది వేసిన పిమ్మట కొద్ది దినములలో పశువు చచ్చినచో, దానిని బయట వేయక లోతుగా పూడ్చవలెను. ఊరిలోని పెద్దలను కలిసి, రాబందులు ఎచ్చట వ్రాలెడివో, ఏ చెట్టుమీద గూళ్ళుండెడివో, ఏ సంవత్సరమున కనబడుట మానినవో విచారించి వ్రాసి ఉంచవచ్చును. ఆ సంగతులు తెలిసినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. 1991లో ఎవరో రహదారిపై కూర్చి పెట్టిన లెక్క పదేండ్ల తరువాత ఒక జాతిని కాపాడు ప్రయత్నమునకు మూలమైనది. నేడు మన ఊరి చెరువుకట్టపై కనబడు సామాన్య పక్షులను లెక్కించి తేదీతో వ్రాసి పెట్టుట కూడ అట్టి పనియే.